యోనా కూర్చున్న చోటు, యిర్మీయా నిలిచిన చోటు



మా సంఘంలోని యౌవనస్థులలో కొందరికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కోతలు అయిపోయిన మడుల్లో ఆడతారు. రాత్రిళ్ళు ఫోన్‌లో విదేశీ క్లబ్బుల మ్యాచ్‌లు చూస్తారు. మన దేశం జట్టు ఆడుతోందంటే మాత్రం వీళ్ళు రెండు పక్షాలైపోతారు. "మన జట్టును మనమే తిడితే వాళ్ళకు ఇంకెవరు దిక్కు అయ్యగారూ?" అని ఒక పక్షం. "చేతకాని ఆట ఆడితే బాగా ఆడారని ఎలా అంటాం అయ్యగారూ, అది అబద్ధమాడినట్టు కాదా?" అని ఇంకో పక్షం.

ఆట సంగతే కదా అని తోసిపుచ్చదగిన ప్రశ్న కాదిది. మనం ప్రేమించేవాళ్ళ తప్పును ఎలా చెప్పాలి? చెప్పకుండా ఉండవచ్చా? ఇది ఇంట్లోనూ, ఊళ్ళోనూ, సంఘంలోనూ రోజూ ఎదురయ్యే ప్రశ్నే. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నమ్మకమైన అభిమాని తన జట్టు తప్పును చెప్పవలసిందే. అయితే వదిలిపెట్టి పోనివాడిగా చెప్పాలి.

మొదట ఉన్న సంగతి ఒప్పుకుందాం. 2023లో మన పురుషుల జట్టు బెంగళూరులో కువైట్‌ను ఓడించి దక్షిణాసియా ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ జూలైలో ప్రపంచ ర్యాంకు 99. మరుసటి ఏడాది, 2024లో, మొత్తం 11 మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ గెలవలేదు. ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోలూ కొట్టలేదు. గువాహటిలో అఫ్ఘానిస్తాన్ చేతిలో 2-1తో ఓడింది. ఆ సెప్టెంబరులో మన హైదరాబాదులోని గచ్చిబౌలి మైదానానికి వచ్చింది. మారిషస్ అనే చిన్న ద్వీప దేశంతో గోల్ లేని డ్రా, తరువాత సిరియా చేతిలో 3-0 ఓటమి. 2025 అక్టోబరులో గోవాలో సింగపూర్ చేతిలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్‌కు వెళ్ళే దారి మూసుకుంది. నవంబరులో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా ఓడింది.

ఇన్ని జరిగాక "అంతా బాగానే ఉంది, మా జట్టుకు జేజేలు" అనేవాడిది ప్రేమ అనుకోవాలా?

లేఖనాల్లో అటువంటివాడు ఒకడున్నాడు. యిర్మీయా గ్రంథం 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కనబడతాడు. యెరూషలేము కూలిపోయే దినాలు దగ్గరపడుతున్నాయి. యిర్మీయా మెడ మీద కాడి పెట్టుకొని తిరుగుతూ రాబోయే దాస్యం గురించి హెచ్చరిస్తున్నాడు. హనన్యా వచ్చి ఆ కాడిని విరిచేసి, రెండేళ్ళలో అన్నీ తిరిగి వస్తాయని ప్రకటించాడు. జనానికి ఎవరి మాట తియ్యగా ఉండి ఉంటుందో చెప్పనక్కరలేదు. కాని హనన్యా మాట ఎవరినీ రక్షించలేదు. తీపి మాట చెప్పినవాడు దేశభక్తుడిగా, చేదు మాట చెప్పినవాడు ద్రోహిగా కనబడడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

"నీకు బంతి తన్నడం వచ్చా? రానివాడివి నువ్వెవరు అడగడానికి?" అనేవాళ్ళూ ఉంటారు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి వంటవాడే కానక్కరలేదు. తిన్నవాడు చాలు. అయితే ఇక్కడే ఒక షరతు ఉంది. తిన్నవాడు చెప్పాలి. పంక్తిలో కూర్చోకుండా, వీధిలోనే నిలబడి "ఆ ఇంటి వంట బాగోదు" అనేవాడి మాటకు విలువ లేదు.

ఈ షరతును అందరికంటే బాగా అడిగినవాడు అప్పటి మన జట్టు నాయకుడు సునీల్ ఛెత్రీ. 2018 జూన్ 1న ముంబయిలో మన జట్టు చైనీస్ తైపీని 5-0తో ఓడించింది. అందులో మూడు గోల్స్ ఛెత్రీవే. చూడడానికి వచ్చినవాళ్ళు సుమారు రెండున్నర వేల మంది. మరునాడు అతడు ఒక వీడియో పెట్టాడు. మా ఆట విదేశీ క్లబ్బుల స్థాయిలో లేదని తానే ఒప్పుకున్నాడు. మమ్మల్ని విమర్శించండి, తిట్టండి, కాని ఇంటర్నెట్‌లో కాదు, మైదానానికి వచ్చి మా ముఖం మీదే చెప్పండి అని చేతులు జోడించినంత పని చేశాడు. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కు టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. అది అతనికి 100వ మ్యాచ్. జోరువానలో తడుస్తూ జనం కూర్చున్నారు, మన జట్టు 3-0తో గెలిచింది.

ఆలోచించండి. అతడు పొగడమని అడగలేదు. విమర్శ ఆపమనీ అడగలేదు. దగ్గరకు వచ్చి విమర్శించమన్నాడు. తప్పు చెప్పేవాడు ఎక్కడ కూర్చొని చెబుతున్నాడన్నదే అతడి ప్రశ్న. లేఖనాలు కూడా ఈ ప్రశ్నే అడుగుతున్నాయని నా నమ్మకం.

యోనాను చూడండి. నీనెవె పాపం గురించి అతడు పలికిన మాటలో తప్పులేదు. అది దేవుడిచ్చిన మాటే. కాని పలికిన తరువాత ఎక్కడికి వెళ్ళాడు? ఊరు విడిచి తూర్పువైపున పందిరి వేసుకొని, ఈ పట్టణానికి ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. పట్టణం మారిందని సంతోషించలేదు, కోపగించుకున్నాడు. తనకు నీడనిచ్చిన సొరచెట్టు ఎండిపోతే దుఃఖపడ్డాడు గాని, లక్షా ఇరవై వేలకు మించిన మనుషుల గురించి దుఃఖపడలేదు. అతడి మాట నిజమైనది, మనసు మాత్రం ఆ ఊరితో లేదు.

ఇప్పుడు యిర్మీయాను చూడండి. తన సొంత జనాన్ని అతడంత కఠినంగా గద్దించినవాడు అరుదు. శత్రువుల పక్షం చేరిపోతున్నాడని నింద వేసి పట్టుకున్నారు. బురద గోతిలోకి దించారు. ఎబెద్మెలెకు అనే కూషీయుడు పాత గుడ్డపేలికలూ తాళ్ళూ వేసి పైకి లాగితే బతికాడు. అయినా పట్టణం ముట్టడిలో ఉండగానే అనాతోతులో పొలం కొన్నాడు. కూలిపోతుందని తానే చెబుతున్న దేశంలో డబ్బు పెట్టాడు! చివరికి యెరూషలేము పడిపోయాక బబులోను సేనాధిపతి అతనికి సెలవిచ్చాడు. నాతో వస్తే నిన్ను బాగా చూసుకుంటాను, లేదా నీకిష్టమైన చోటికి వెళ్ళు అన్నాడు. యిర్మీయా వెళ్ళలేదు. మిస్పాకు పోయి, దేశంలో మిగిలిపోయిన బీదజనం మధ్య కాపురమున్నాడు.

ప్రియులారా, విమర్శకు ఇంతకంటే మంచి గీటురాయి నాకు తెలియదు. ఓడిపోయిన దినాన నువ్వు ఎక్కడున్నావు? నువ్వు చెప్పిన కీడు జరిగినప్పుడు "నేను ముందే చెప్పానుగా" అని చప్పట్లు కొడుతూ పందిరి కింద ఉన్నావా? మిగిలినవాళ్ళతో కలిసి ఏడుస్తూ లోపల ఉన్నావా?

కూర్చునే చోటు ఒక్కటే చాలదు. దేని గురించి మాట్లాడుతున్నామో అది కూడా చూసుకోవాలి. ఇక్కడ హాకీ నుండి ఒక సంగతి చెప్పక తప్పదు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మన మహిళల జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో 2-1తో ఓడింది. అదే ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టిన అమ్మాయి వందనా కటారియా. ఒలింపిక్స్ హాకీలో ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ చేసిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఓడిన రోజున హరిద్వార్ దగ్గర వాళ్ళ ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చి, కులం పేరు పెట్టి దూషించారని ఆ కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. అరెస్టులు కూడా జరిగాయి.

అటువంటి దూషణ ఆట గురించిన విమర్శ కానేకాదు. ఆ మాటలు ఎవరి ఇంటి ముందైనా పడితే ఎలా ఉంటుందో నా సంఘంలో చాలామందికి వివరించి చెప్పనక్కరలేదు. పాస్ తప్పుగా ఇచ్చావని చెప్పు. వెనక్కి పరుగెత్తలేదని చెప్పు. దానికి హద్దు అక్కడే. పుట్టుక మీదికి, తల్లి మీదికి, రంగు మీదికి వెళ్ళిన క్షణంలో నువ్వు అభిమానివి కావు. చేసిన పనిని గద్దించవచ్చు గాని, దేవుడు తన స్వరూపంలో చేసిన మనిషిని తుడిచివేయడానికి ఎవరికీ అధికారం లేదు.

ఇక మూడవది, మాట చేరవలసిన చోటికి చేరుతోందా అన్నది. మైదానంలో కనబడేవాళ్ళు పదకొండు మందే కాబట్టి రాళ్ళన్నీ వాళ్ళకే తగులుతాయి. కనబడనివాళ్ళ సంగతేమిటి? 2022 ఆగస్టులో బయటివాళ్ళ జోక్యం ఉందని చెప్పి ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన అఖిల భారత సమాఖ్యను కొద్ది రోజులపాటు సస్పెండ్ చేసింది. 2025లో ఒప్పందాల గొడవ వల్ల, మామూలుగా సెప్టెంబరు ప్రాంతంలో మొదలయ్యే దేశపు ప్రధాన లీగ్ నెలల తరబడి మొదలే కాలేదు. మమ్మల్ని ఆడనివ్వండి అని ఆటగాళ్ళే బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది. నీళ్ళు వదలవలసిన కాలువ ఎండగట్టి, పైరు ఎందుకు వాడిందని మొక్కను తన్నితే ఏం లాభం? ప్రవక్తలు ప్రజలను గద్దించారు, నిజమే. కాని గొర్రెలు చెదరిపోయినప్పుడు ముందుగా కాపరులను నిలదీశారు. కుర్చీలలో ఉన్నవాళ్ళను అడిగే ధైర్యం లేక ఇరవై రెండేళ్ళ కుర్రవాణ్ణి తిట్టడం సులువైన పని, అంతే.

తప్పు దిద్దడం ఎలా ఉంటుందో మన హైదరాబాదు మనిషే ఒకప్పుడు చూపించాడు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయుడు, తరువాత దేశపు జట్టుకు కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలకు వెళ్ళిన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. రహీం సాబ్ ఆ ఓటమిని కప్పిపుచ్చలేదు, జట్టును తూలనాడి వదిలెయ్యనూ లేదు, జట్టులో మార్పులు చేశాడు. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు గాయమై కుట్లు పడితే, అతణ్ణి పక్కన పెట్టకుండా ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా ఎదురైంది. మైదానం నిండా జనం మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా మన జట్టు 2-1తో గెలిచింది. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నైల్ సింగ్‌దే. మరుసటి ఏడాదే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు మళ్ళీ బంగారు పతకం రాలేదు.

లోపం కంటికి కనబడడం, ఆ మనిషి చేతికి పనికివచ్చేవాడిగా కనబడడం, రెండూ ఒకే చూపులో ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే యోనా అవుతాం. రెండవది మాత్రమే ఉందని అనుకుంటే హనన్యా అవుతాం.

కాబట్టి మా యౌవనస్థులారా, మీ రెండు పక్షాలకూ నా మాట ఇది. విమర్శించవద్దని అనే తమ్ముడూ, నీ ప్రేమ మంచిదే, కాని నిజానికి భయపడే ప్రేమ జట్టును బాగుచేయదు. విమర్శించాలనే తమ్ముడూ, నీ మాటలో నిజముంది. అయితే ఈ దేశపు జట్టు ఆట చివరిసారి తొంభై నిమిషాలూ ఎప్పుడు చూశావు? మన జిల్లాలో పిల్లలు ఆడే మ్యాచ్‌కు ఎప్పుడు వెళ్ళావు? ముందు వెళ్ళి కూర్చో. వానకు తడు. తరువాత నీ నోటికి ఎవరూ అడ్డురారు. వాళ్ళు బాగా ఆడిన రోజున కూడా అంతే గట్టిగా చెప్పు.

ఇదే కొలతతో మన ఇళ్ళనూ కొలుచుకుందాం. చదువులో వెనకబడిన కొడుకుతో తండ్రి మాట్లాడే మాట, తాగి వచ్చే అన్నతో చెల్లెలు మాట్లాడే మాట, గాడి తప్పిన సంఘ కమిటీతో విశ్వాసి మాట్లాడే మాట, అన్నీ ఈ గీటురాయి మీదికి రావలసినవే. అరుగు మీద కూర్చొని సంఘాన్ని ఎండగట్టి, ఆదివారం పక్క ఊరి మందిరానికి పోయేవాడి మాట ఎవరినీ మార్చదు. అదే మందిరంలో చాప పరిచి, చీపురు పట్టి, ఆ తరువాత పెద్దల ఎదుట నిలబడి "అయ్యా, ఇది తప్పు" అనేవాడి మాట ముల్లులా గుచ్చుకున్నా మేలు చేస్తుంది. స్నేహితుడు చేసే గాయం గురించి సామెతల గ్రంథం చెప్పింది ఇదే.

సత్యం పలికే నోటినీ, పలికిన తరువాత కూడా అక్కడే నిలిచే కాళ్ళనూ ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.