గెలిచిన మడి ఒక్కటే చూపితే చాలదు!

సీజన్ మొదలైతే చాలు, మండల కేంద్రాల్లో ఫ్లెక్సీలు లేస్తాయి. "మా బయో మందుతో దిగుబడి పెరిగింది, శాస్త్రీయంగా రుజువైంది" అంటారు. డెమో మడి చూపించి భోజనాలు పెడతారు. మనం అప్పు తెచ్చి డబ్బా కొంటాం. చేలో తేడా కనిపించకపోతే తప్పు మన నేలదంటారు, మన వాడకానిదంటారు. ఒక్క ప్రశ్న మాత్రం మనం అడగడం లేదు: మొత్తం ఎన్ని మందులు పరీక్షిస్తే ఇది గెలిచింది?

ఏ రెండు మడులూ ఒకేలా పండవని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఒకటి కాలువ మొదట్లో ఉంటుంది, ఒకటి పెంట బాగా పడిన చోట ఉంటుంది. మందు పనిచేయకపోయినా తేడా వస్తుంది. అందుకే ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన ఫిషర్ 1925లో తన పుస్తకంలో ఒక హద్దు పెట్టారు. పనిచేయని మందుకు అంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి 5 లోపు ఉంటేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఆ హద్దు ఒక్క పరీక్షకు సరిపోతుంది. పనికిరాని మందులు 20 తెచ్చి విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒక్కటైనా గెలిచినట్టు కనిపించే అవకాశం నూటికి 64! కాకి వాలింది, తాటిపండు పడింది. పండు పడని 19 చెట్లను దాచి, పడిన చెట్టునే ఫొటో తీసి ఫ్లెక్సీ వేస్తే అది శాస్త్రమా? ఒకే మందుకు ఎత్తు, పిలకలు, గింజ బరువు అంటూ ఇరవై కొలతలు తీసి, కలిసొచ్చిన కొలతనే చూపినా అదే మోసం.

విరుగుడు శాస్త్రంలోనే ఉంది. బాన్‌ఫెరోనీ పేరుతో ఉన్న పద్ధతిలో, 20 పరీక్షలు చేస్తే ఆ 5ను 20తో భాగించాలి. అప్పుడు హద్దు నూటికి పావు, అంటే 400కు ఒకటి. ఇంత కఠినంగా జల్లిస్తే మంచి వంగడం కూడా తాలులో కొట్టుకుపోతుందని కొందరు అంటారు. నిజమే. దానికీ దారి ఉంది. 1995లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు బెంజమినీ, హాక్‌బర్గ్ చూపిన లెక్కతో, గెలిచాయని ప్రకటించిన వాటిలో తాలు సగటున నూటికి 5 మించకుండా చూడవచ్చు. కాబట్టి "కుదరదు" అనే సాకు చెల్లదు.

మన డిమాండ్లు ఇవి:

1. ఏం పరీక్షిస్తారో, ఏం కొలుస్తారో విత్తకముందే రాసి పెట్టాలి.

2. గెలిచినవాటితో పాటు ఓడిన మడుల లెక్కలూ బయటపెట్టాలి. ఎన్ని పరీక్షలు చేశారో దానికి తగ్గట్టు హద్దు బిగించాలి.

3. గెలిచినదాన్ని మరో సీజన్‌లో, వేరే నేలల్లో మళ్లీ పరీక్షించాకే అమ్మాలి. ఒక్కసారి గెలిస్తే రుజువైనట్టు కాదని ఫిషరే 1926లో రాశారు.

ఈసారి డెమోకు పిలిస్తే వెళ్దాం. భోజనం చేసే ముందే అడుగుదాం: "ఓడిన మడులు ఎక్కడ?" జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుదాం. కాకతాళీయాన్ని శాస్త్రమని అమ్మేది వాళ్లు, దాని వడ్డీ కట్టేది మనం!