డీజేకు బ్రేక్.. మర్ఫా వీడియో ఏదీ?

2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆ ఉత్తర్వు ఊరేగింపుల వరకే. కానీ ఒక ప్రశ్న మన ముందుంది: బరాత్‌లో చేతులతో కొట్టే మర్ఫాకు ఇప్పుడైనా గిరాకీ పెరగొద్దా?

నిజాం కొలువుకు ఆఫ్రికా నుంచి, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన సిపాయిల వారసత్వమిది. ఏసీ గార్డ్స్, బార్కస్ బస్తీల పేర్లతో ముడిపడిన కళ. అయితే గిరాకీ పెరగాలంటే ముందు కనబడాలి. ఇవాళ పెళ్లివారు అడిగేది ఒకటే, "వీడియో పంపండి భాయ్" అని. సినిమా పాట అతికించిన క్లిప్ పంపితే అసలు వాయిద్యమే వినబడదు. పైగా యూట్యూబ్‌లో కాపీరైట్ చిక్కు.

దీనికి వేలు ఖర్చు పెట్టనక్కర్లేదు, రెండు ఫోన్లు చాలు. ఒకటి దగ్గర నుంచి చేతులు, ముఖాలు తీయాలి. రెండోది ఇరవై అడుగుల దూరంలో పెట్టి శబ్దం పట్టాలి. వాయిద్యం పక్కనే పెడితే మోత పగిలినట్టు వస్తుంది. మొదట్లో ఒకసారి చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో రెండూ కలపడం తేలిక. నిడివి నిమిషం దాటొద్దు.

ఒక్క జాగ్రత్త. షాదీలో ఆడవాళ్లు కనిపించే దృశ్యాలు ఆ ఇంటివాళ్ల ఇజాజత్ లేకుండా పెట్టొద్దు. ఒక ఇంటి నమ్మకం పోతే పది ఇళ్ల గిరాకీ పోతుంది. బస్తీ మైదానంలో సొంతంగా తీసుకోవడమే మేలు.

రంజాన్‌కు ముందే వీడియో సిద్ధమైతే షవ్వాల్ షాదీల బుకింగులు అందుకోవచ్చు. ఫోన్ బాగా తెలిసిన మన పిల్లలు ఆ ఉస్తాదులకు ఒక్క సాయంత్రం ఇవ్వలేరా?