వాద్యములు వచ్చినవి, నేర్పువాడేడీ?

పాఠశాలలకు వాద్యములను దానము చేయుట మనవారిలో నొక వేడుకగా పరిణమించినది. పెద్ద డ్రమ్ము ఒకటి, చిన్న డ్రమ్ములు నాలుగు, ఇత్తడి తాళములు ఒక జత, బిగిళ్లు అరడజను: సాధారణముగా ఇచ్చెడి ‘సెట్టు’ ఇది. వానిని బల్లమీద వరుసగా పేర్చి, కుంకుమబొట్లు పెట్టి, పూలదండలు వేయుదురు. దాతగారికి శాలువ కప్పుదురు. పెద్ద డ్రమ్ము చుట్టును చేరి అందఱును ఫోటో తీయించుకొందురు. దాతగారి తలిదండ్రుల పేరులు డ్రమ్ముపై ఎఱ్ఱరంగుతో వ్రాయబడి యుండును. ఆ రంగు వెలియుటకు ముందే డ్రమ్ము ముఖము చిరుగును. పిమ్మట ఆ సెట్టంతయు ప్రధానోపాధ్యాయుని గదిలో, పాత పటములకును విఱిగిన కుర్చీలకును నడుమ స్థానము సంపాదించుకొనును. ఆగస్టు 15 ననో, జనవరి 26 ననో దుమ్ము దులిపి బయటికి తెత్తురు. మఱునాడు మరల తాళము.

దీనిని విద్యాదానమనుటకు నాకు మనసొప్పకున్నది. పడుగు లేదు, పేక లేదు, నేతగాడు లేడు, ఒట్టి మగ్గమును తెచ్చి యింట నిలిపి ‘నీకు జీవనోపాధి కల్పించితిని’ అన్నవానిని మన పెద్దలు ఏమందురో చదువరులే యూహింపగలరు. నేత విషయమున మనకింత తెలివి కలదు. పిల్లల సంగీతము విషయమున ఆ తెలివి యెక్కడికి పోవుచున్నది?

ఈ మాటను విడీ ఘర్కుల్ బడిపిల్లలను దృష్టియందుంచుకొని వ్రాయుచున్నాను. కారణము కలదు. మన తాతముత్తాతలు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములు విడిచి షోలాపూరు చేరిన కథ ఇంటింట నున్నదే. 1877 లో ఇచ్చట నూలుమిల్లు పెట్టబడిన తరువాత ఆ రాక మఱింత పెరిగినది. పురుషులు మగ్గములయొద్ద, స్త్రీలు బీడీల చాటలయొద్ద, ఇరువురును కలిసి ఈ నగరపు పూర్వభాగమును నిలిపిరి. మనలో కొందఱు కార్ఖానాదారులైరి, కొందఱు డాక్టర్లు, వకీళ్లు, ఉపాధ్యాయులునైరి. కొందఱి బిడ్డలు పూణే, ముంబయి దాటి సముద్రములకు ఆవలకును పోయిరి. బీడీ చాట దిగని యిండ్లు మాత్రము ఇంకను వేలకొలది యున్నవి. ఆ స్త్రీలకు సొంతగూడు కావలెనని ఆడం నరసయ్య మాస్టరు మొదలగువారు ఏండ్ల తరబడి పోరాడగా, కుంభారి యొద్ద గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల యిండ్ల వాడ వెలసినది. 2006 లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ స్వయముగ వచ్చి ఆ యిండ్లను అప్పగించిరి. ఇల్లు దొరకినది. ఇల్లు దొరకిన పిమ్మట ఆ యింటి పిల్ల యేమి నేర్చుకొనును అన్న ప్రశ్న మిగిలినది. దానికి సమాధానముగా మనము పంపుచున్నది ఒక పెద్ద డ్రమ్మా?

‘కూటికి లేనివారి బిడ్డలకు వాద్యములేల? పుస్తకములు, ఫీజులు ఇయ్యరాదా?’ అనువారు కొందఱు కలరు. వారితో ఎక్కువ వాదింపను. ఈ మాట అనువారి యింటనే సాయంకాలము ఐదు గంటలకు కీబోర్డు మాస్టరు వచ్చి కూర్చుండును. తమ బిడ్డకు వికాసమైనది బీడీ కార్మికురాలి బిడ్డకు విలాసమెట్లగును? 2020 నాటి జాతీయ విద్యావిధానము సయితము కళలను పాఠ్యేతరములని వేఱు చేయరాదని చెప్పినది. మహారాష్ట్రమున శాస్త్రీయ గానవాదనములలో నిర్ణీత పరీక్షలు నెగ్గిన విద్యార్థికి పదవ తరగతిలో అదనపు మార్కులిచ్చు పద్ధతియు కలదు. ఆ మార్కులు ఇప్పుడెవరి పిల్లలకు దక్కుచున్నవో చెప్పనక్కఱలేదు.

నా వివాదము ముఖ్యముగా ఇచ్చెడివారితోనే. మొదట, ఏమి ఇచ్చుచున్నారు? బిగిలునే తీసికొందము. దానికి రంధ్రములు లేవు, మీటలు లేవు. ఒకే గొట్టము, ఊపిరి బిగింపును బట్టి పలుకును. శ్రమించి నేర్చినను అందులో పలుకునవి వేఱువేఱు స్థాయిలలో షడ్జమము, గాంధారము, పంచమము మాత్రమే. రిషభము లేదు, మధ్యమము లేదు, ధైవతము లేదు. నిషాదము ఉండియు లేనట్లే. సైనికులను నిద్ర లేపుటకు, వరుస కట్టించుటకు అది చాలును. అందుకొఱకే అది పుట్టినది. తల్లి బీడీలు చుట్టుచు కూనిరాగము తీసిన బతుకమ్మ పాటనైనను, ప్రక్కింటి మరాఠీ అవ్వ పాడిన అభంగమునైనను పిల్లవాడు దానిపై పలికింపలేడు. ఆరు బిగిళ్లను, ఐదు డ్రమ్ములను ఇచ్చి ‘సంగీతమిచ్చితిమి’ అనుట, అక్షరమాలలో మూడక్షరములిచ్చి చదువుకొమ్మనుట వంటిది.

మఱి ఈ సెట్టు దేనికి? అతిథులకు స్వాగతము పలుకుటకు. మంత్రిగారు కారు దిగినది మొదలు వేదిక నెక్కువఱకు పిల్లలు ఎండలో నిలిచి వాయింపవలెను. దాతలలో ఎక్కువమంది మనసున నున్న బ్యాండు ఇదియే యని నా యనుమానము. తమ బిడ్డలకు తరగతిలో కూర్చుండి నేర్చుకొను సంగీతము, పేదబిడ్డలకు వీథిలో నిలిచి వినిపించు సంగీతము! ఊరేగింపు వాద్యమును నేను నిందింపను. నారళీ పౌర్ణమినాడు మార్కండేయ రథము వెంట, గణపతి నిమజ్జనమున, మన యువకులు లేజిమ్ ఆడునప్పుడు ఒడలు పులకింపని వాడెవ్వడు? ఆ విద్య పేటలలోనే, అన్నలను చూచి తమ్ములు నేర్చుచున్నారు. దానికి బడి యక్కఱలేదు. వీథిలో దొరకనిది బడిలో దొరకవలెను కదా.

ఇచ్చట నొక మఱుగుపడిన మాటను బయటపెట్టక తప్పదు. ‘మన పిల్లలు బాజాలు వాయించుటా?’ అని మనలోనే కొందఱు మూతి విఱుతురు. సన్నాయి ఒక కులము వారిదనియు, డప్పు వేఱొక కులము వారిదనియు, మనము విని దక్షిణ ఇచ్చువారమే కాని పట్టువారము కామనియు వారి యభిప్రాయము. అట్టివారు వాద్యదానమునకు చందా వ్రాయుదురు. తమ బిడ్డను మాత్రము ఆ వరుసలో నిలుపరు. మగ్గము పట్టినవాడని మనలను చిన్నచూపు చూచిన కాలమును మఱచిపోయిన వారికే ఇట్టి మాట నోట వచ్చును.

ఇక గురువు సంగతి. పాలకొల్లులో 1969 లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కథ మనలో చాలమందికి తెలియును. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాయించువారు. పిల్లవాడు ఆఱేండ్ల ప్రాయమున ఇంటనున్న మాండొలిన్ పట్టెను. తండ్రి అతనిని తన గురువగు రుద్రరాజు సుబ్బరాజుగారి యొద్ద చేర్చిరి. చెంబై వైద్యనాథ భాగవతులవారి శిష్యులైన ఆ సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట రాదు! ఆయన పాడెను, పిల్లవాడు విని తంత్రులపై వెదకికొనెను. కర్ణాటక సంగీతమున అంతవఱకు చోటు లేని ఆ విదేశీ వాద్యము ప్రపంచమంతయు మన సంగీతమును మ్రోగించినది. ఇంటిలో వాద్యము మాత్రమే యుండి పాడి వినిపించు సుబ్బరాజుగారు లేకున్నచో ఏమయ్యెడిది? మేకుకు వ్రేలాడెడిది.

1919 లో విజయనగరమున విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల నెలకొల్పినపుడును ఇదే క్రమము. ఆదిభట్ల నారాయణదాసుగారిని అధ్యక్షునిగా నిలిపిరి. విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనము విని, వారిని ఆచార్యునిగానే నియమించిరని చెప్పుదురు. మహారాజు తలచినచో నూఱు వీణలు కొని పంచగలవాడే. ఆయన ముందు మనుష్యులను ఏర్పఱచెను.

దక్షిణ అమెరికాలోని పరాగ్వే దేశమున కతేఉరా అను చెత్తకుప్పల పేట కలదు. చెత్త ఏఱుకొని బ్రదుకువారి బిడ్డలకు ఫావియో చావెజ్ అను నతడు సంగీతము చెప్ప మొదలిడెను. శిష్యులు పెరిగిరి, వాద్యములు చాలవాయెను. అప్పుడా పేటలోని యొక పనివాడు నూనె డబ్బాలతోను, పారవేసిన గొట్టములతోను వయొలిన్లు, వేణువులు చేసి యిచ్చెను. ఆ పిల్లల వాద్యబృందము దేశదేశములు తిరిగినది. పాఠము ముందు వచ్చినది. వాద్యము దాని వెనుక నడచివచ్చినది.

గురువు దొరకినను వేళ దొరకవలెను. ఈ సూక్ష్మమును మనవారు బొత్తిగా తలపెట్టరు. ‘బడి విడిచిన తరువాత ఒక గంట సాధన చేయింతుము’ అందురు. బడి విడిచిన తరువాత విడీ ఘర్కుల్ పిల్ల యేమి చేయునో చూచితిరా? తల్లి చేతికి ఆకు కత్తిరించి యిచ్చును, చుట్టిన బీడీకి దారము కట్టును, నీరు పట్టును, తమ్ముని ఎత్తుకొనును. కూలి వేయికింత యని లెక్క. గంట తగ్గినచో వేయి నిండదు. కావున సాయంకాలపు బ్యాండులో చేరువారు ఇంట పనిలేని మగపిల్లలు మాత్రమే. ఆడపిల్లను ఎవ్వరును వలదని యనరు. ఆమె తానే రాలేదని వ్రాసికొందురు. సంగీతము తరగతిలో, కాలపట్టికలో, గణితమునకును భూగోళమునకును నడుమ నున్నచో ఆమె వచ్చును. వచ్చి తీరును, హాజరు వేయుదురు గనుక. అమెరికాలో 1996 లో మైకేల్ కామెన్ అను స్వరకర్త స్థాపించిన యొక సంస్థ బడులకు వాద్యములను ఉచితముగ నిచ్చుచున్నది. బడి వేళలలోనే సంగీతపు తరగతి జరుగుచున్న పాఠశాలలకే ఇచ్చుట వారి నియమము. ధనము కలవారికే ఇంత జాగ్రత్త యున్నపుడు, చందాలెత్తి ఇచ్చెడి మనకెంత యుండవలెను?

మరమ్మతు మఱియొకటి. ఇది పేద దేశపు జాడ్యమనుకొనరాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరపు ప్రభుత్వ పాఠశాలలలో బాగుచేయించుటకు సొమ్ము లేక మూలపడిన వాద్యములు వేయికి పైగా లెక్కకు వచ్చెను. డేవిడ్ లాంగ్ అను స్వరకర్త ఆ విఱిగినవానికే తగినట్లు ఒక రచన కూర్చెను. 2017 డిసెంబరులో నాలుగువందల మంది వానిని విఱిగినవి విఱిగినట్లే వాయించిరి. ఆ విధముగ వచ్చిన సొమ్ముతో బాగుచేయించి పిల్లలకు మరల నిచ్చిరి. మన బీరువాలు తెఱచి అట్టి లెక్క నొకటి తీయుదమా? తీసినచో ఈ సంవత్సరమునకు క్రొత్త దానములు అక్కఱయే లేకపోవచ్చును.

మరమ్మతు చేయువారు మనకు దూరము కారు. మిరజ మన ప్రక్క ఊరే. ఆయుధములు చేయు శికల్‌గారుల వంశమువారు కత్తులకు గిరాకి తగ్గిన కాలమున తంత్రీవాద్యములకు దిగి పేరుగాంచిన ఊరది. అచ్చటి సితారునకును తంబురాకును 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ తంబురాలకు కావలసిన పెద్ద సొరబుర్రలు మన షోలాపూరు జిల్లాలోని పంఢరపురము, మంగళవేఢె ప్రాంతపు పొలములలోనే పండును. మన పొలపు బుర్ర మిరజ పోయి తంబురాయై దేశమంతయు తిరుగుచున్నది. మన బడిలో దాని శ్రుతి వినిన పిల్ల లేదు.

భాష మాట చెప్పి ముగింతును. మన పిల్లలు ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, పుస్తకమున మఱియొకటి. తెలుగు మాధ్యమమున చేర్చువారు తగ్గుచున్నారు. ఆ దుఃఖము వేఱు వ్యాసము. ఒకే ఆవరణలో తెలుగు తరగతి పిల్లయు, మరాఠీ తరగతి పిల్లయు ఒండొరులను తప్పులు పట్టుకొనక కూర్చుండగల స్థలము సంగీతపు గది యొక్కటే. ‘స’ అను స్వరమునకు మాధ్యమము లేదు. పైగా తెలుగు చదువుట రాని మన పిల్ల, ఒక తెలుగు పాటను వేణువుపై నేర్చినచో దాని మాటలు తల్లిని అడుగును.

కావున ఇచ్చెడివారికి నా లెక్క యిది. లక్ష రూపాయలు తీసినవారు ముప్పదియైదు వేలు వాద్యములకు పెట్టుడు: వెదురు వేణువులు తరగతికి సరిపోవునన్ని, ఒక హార్మోనియము, ఒక జత తబలా. వేణువు ఎవరిది వారికి. ఒకరి యెంగిలి ఒకరికి వలదు, ఇంటికి తీసికొనిపోనిండు. నెలకు ఐదువేల చొప్పున అఱువది వేలు, వారమునకు రెండు దినములు వచ్చి నేర్పు ఉపాధ్యాయునకు. మిగిలిన ఐదువేలు మరమ్మతునకు, వేఱు ఖాతాలో. రెండవ యేటికి వాద్యముల ఖర్చు తగ్గును. ఆ సొమ్ము ఉపాధ్యాయుని మూడవ దినమునకు చేరును. ‘ఐదువేలకు ఎవడు వచ్చును?’ అందురేమో. పూర్వభాగమున భజన మండలులలో హార్మోనియము వాయించి, పగలు మరమగ్గముపై పనిచేయు విద్వాంసులను నేనెఱుగుదును. వారిని ఇంతవఱకు ఎవ్వరును బడికి పిలువలేదు.

జూను నెలలో బడులు తెఱచుటకు ముందు, చందా పుస్తకముతో వచ్చిన కార్యదర్శిగారిని మూడు ప్రశ్నలు అడుగుడు: నేర్పువాడెవడు? ఏ వారము, ఏ పీరియడు? తెగిన దానిని బాగుచేయించు సొమ్మెక్కడ? జవాబు వచ్చువఱకు చెక్కుపై సంతకము చేయకుడు.