నెట్ నత్తనడకా? తప్పెక్కడుందో మీరే తేల్చండి!

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లకు ఆఖరి రాత్రి. కాలేజీల జాబితా సగం తెరుచుకుని ఆగిపోయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నెట్ ఇచ్చిన కేబుల్ అన్నకు ఫోన్ చేస్తే, 'లైనక్సా? గదే ప్రాబ్లం సార్. విండోస్ ఏయించుండ్రి' అని పెట్టేస్తాడు. జనగామ అయినా, మానుకోట అయినా, భూపాలపల్లి అయినా లైనక్స్ వాడే ఇళ్లకు ఈ జవాబు కొత్తేం కాదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బాగానే పనిచేస్తున్న పాత కంప్యూటర్‌ను పారేయలేక దాంట్లో ఉబుంటో, లైనక్స్ మింటో వేసుకున్నవాళ్లున్నారు. ఖర్చు లేని మంచి పనే. మరి నెట్ నెమ్మదిస్తే నేరం లైనక్స్‌దేనా? ఒక్కోసారి అవును, చాలాసార్లు కాదు. తేల్చే పనిముట్లు మాత్రం లైనక్స్‌లోనే ఉన్నాయి, అదీ ఉచితంగా.

ఎస్సారెస్పీ నీళ్లు పొలానికి అందకపోతే రైతు ఏం చేస్తాడు? ముందు తన పంటకాలువలో మట్టి పేరుకుందేమో చూస్తాడు. తర్వాత తూము దగ్గరికి వెళ్తాడు. అక్కడా లేకపోతే పైనుంచే వదల్లేదని తెలిసిపోతుంది. నెట్‌కూ ఇంతే, మూడు అంచెలు. కంప్యూటర్ నుంచి మీ ఇంట్లో రౌటర్ దాకా ఒకటి. రౌటర్ నుంచి నెట్ ఇచ్చిన సంస్థ దాకా రెండోది. అక్కడి నుంచి బయటి ప్రపంచానికి మూడోది. ఎక్కడ ఆగుతోందో తెలియకుండా రౌటర్ మార్చినా, ప్లాన్ పెంచినా డబ్బు దండగే!

లైనక్స్‌లో టెర్మినల్ అనే నల్లటి కిటికీ ఉంటుంది. భయపడక్కర్లేదు, రెండు తెరవండి. మొదటిదాంట్లో ఇంగ్లిషు అక్షరాల్లో పింగ్ అని టైప్ చేసి, చోటు వదిలి, మీ రౌటర్ నంబరు ఇవ్వండి. ఆ నంబరు నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'డిఫాల్ట్ రూట్' దగ్గర కనిపిస్తుంది. చాలా ఇళ్లలో 192.168.1.1 లాంటిదే. రెండోదాంట్లో పింగ్ 8.8.8.8 అని కొట్టండి. ఇది గూగుల్ నడిపే సర్వర్ చిరునామా. రెండిటినీ ఒకేసారి పది నిమిషాలు నడవనివ్వండి. కంట్రోల్, సి కలిపి నొక్కితే ఆగి లెక్క చెబుతాయి: ఎన్ని పంపాం, ఎన్ని తిరిగొచ్చాయి, ఎంతసేపు పట్టింది. పంపినవాటిలో తిరిగిరాని శాతమే 'ప్యాకెట్ లాస్'. వేగం తక్కువైనా పేజీ ఎప్పటికో తెరుచుకుంటుంది కానీ, ఇది 5 శాతం దాటితే వీడియో కాల్ ముక్కలు ముక్కలవుతుంది.

ఇక చదవడమే. రౌటర్‌కు కొట్టిన పింగే తడబడుతుంటే జబ్బు ఇంట్లోనే ఉంది. కంపెనీని తిట్టి లాభం లేదు. వైఫై వదిలేసి రౌటర్‌కు నేరుగా లాన్ తీగ కలిపి మళ్లీ చూడండి. జవాబులు ఒక మిల్లీసెకను అటూ ఇటూగా వస్తున్నాయా? అయితే దోషం వైఫైదే. హాల్లో రౌటర్, లోపలి గదిలో కంప్యూటర్, మధ్యలో రెండు కాంక్రీటు గోడలు... సిగ్నల్ మాత్రం ఏం చేస్తుంది! 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే గానీ గోడలు దాటడంలో బలహీనం. 2.4 దూరం వెళ్తుంది గానీ పక్కింటి రౌటర్లతో కొట్లాడుతుంది. ఇందులో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మూడే. మీ వీధిలో అందరూ 6 మీద ఉంటే మీరు 1కో 11కో మారండి.

నిజంగా లైనక్స్ చేసే తప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి. మొదటిది పొదుపు. బ్యాటరీ మిగల్చాలని వైఫై పరికరాన్ని మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది. కొన్ని పరికరాలు ఆ నిద్రలోంచి సరిగా లేవవు. నెట్‌వర్క్ మేనేజర్ ఫైల్లో 'వైఫై పవర్‌సేవ్' ఎదుట 3 ఉంటే 2 చేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేయండి. 3 అంటే పొదుపు చెయ్యి, 2 అంటే మానెయ్యి. రెండోది డ్రైవర్. బ్రాడ్‌కామ్ చిప్పున్న పాత ల్యాప్‌టాప్‌లకు ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి వేరే డ్రైవర్ వేయాల్సి రావచ్చు. చవగ్గా దొరికే కొన్ని యూఎస్‌బీ వైఫై ముక్కలకు లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో కొనే ముందే కనుక్కోవాలి.

రౌటర్ పింగ్ చక్కగా ఉండి 8.8.8.8 మాత్రమే తడబడుతుంటే? లైనక్స్ నిర్దోషి! ఫైబర్ పెట్టె మీద 'ఎల్‌ఓఎస్' దీపం ఎర్రగా మినుకుతుంటే వెలుతురే అందడం లేదని అర్థం. మన ఊళ్లలో తీగ కరెంటు స్తంభాల మీదుగా వస్తుంది. దాని మీద కోతులు ఊగుతాయి. ఎత్తుగా నింపిన గడ్డి ట్రాక్టర్ కొక్కెంలా తగులుకుని లాక్కుపోతుంది. తెగితే వెంటనే తెలుస్తుంది. అసలు తలనొప్పి సగం వంగిన తీగతోనే, గాజుపోగు మడత పడితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. లైన్‌మన్ వచ్చినప్పుడు మీటరుతో వెలుతురు కొలవమని అడగండి. చాలా ఇళ్లలో వాడే జీపాన్ ఫైబర్‌లో అది మైనస్ 8, మైనస్ 27 డీబీఎంల మధ్య ఉండాలి. మైనస్ 30 చూపిస్తే విండోస్ వేసినా అంతే సంగతులు.

కొన్ని వింత జబ్బులూ ఉన్నాయి. పింగ్ బాగుంటుంది, పేజీ తెరవడానికి మాత్రం మొదట్లో అయిదారు సెకన్లు ఆలోచిస్తుంది. అది సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్‌ఎస్ ఆలస్యం. సెట్టింగుల్లో 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టి చూడండి. ఇంకో రకంలో కొన్ని సైట్లు ఠక్కున తెరుచుకుంటాయి, కొన్ని ఎంతకీ తెరుచుకోవు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కలిసే పీపీపీవోఈ కనెక్షన్లో ప్రతి మూటకూ 8 బైట్లు తరుగు పోతుంది. 1500 పట్టాల్సిన చోట 1492 మాత్రమే పడుతుంది. కంప్యూటర్లో ఎంటీయూను 1492గా మారిస్తే చాలాసార్లు దారికొస్తుంది.

పొద్దంతా బాగుండి రాత్రి 8 నుంచి 11 దాకా మాత్రమే కుంటుతోందా? మీ చేతిలో ఏమీ లేదు. ఒకే మార్గం మీద ఊరంతా సినిమాలు చూస్తోంది. అయితే ముందు ఇంట్లోవాళ్ల ఫోన్లు చూడండి. పెళ్లి ఫొటోలు గూగుల్‌కు ఎక్కుతున్నంతసేపూ మిగతా అందరికీ నెట్ పాకుతుంది. అన్నట్టు, 40 ఎంబీపీఎస్ ప్లాన్లో డౌన్‌లోడ్ సెకనుకు 5 మెగాబైట్లే చూపిస్తే మోసం కాదు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, అంతే తేడా.

లోపం కంపెనీదేనని తేలితే రెండు పింగ్‌ల ఫలితాలనూ తేదీ, టైముతో ఫొటో తీసి ఫిర్యాదు చేయండి. ఫోన్లో నోటిమాటతో సరిపెట్టుకోకుండా డాకెట్ నంబరు తీసుకోండి. ఇవ్వడం వాళ్ల బాధ్యత. పని కాకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, 2012 నాటి ట్రాయ్ నిబంధనల ప్రకారం. బ్రాడ్‌బ్యాండ్ అంటే 2004లో కేంద్రం దృష్టిలో కనీసం 256 కేబీపీఎస్. 2023 జనవరి నుంచి అది 2 ఎంబీపీఎస్. అంతకన్నా తగ్గితే ఆ పేరుకే తగదని రాసి మరీ అడగొచ్చు.

పలిమెల, మహదేవపూర్ అడవి వైపు ఊళ్లలో తీగ రాక సిమ్ రౌటర్ పెట్టుకున్నవాళ్లకు రెండో అంచె టవరే. రౌటర్‌ను కిటికీ దగ్గరికి జరిపి పింగ్ కొట్టి చూడండి, ఒక్క గజం తేడాకే లెక్క మారిపోతుంది. ఇక ఆప్షన్ల రాత్రి ఇవన్నీ చేస్తూ కూర్చోలేం కదా! ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్ సెట్టింగుల్లో 'యూఎస్‌బీ టెథరింగ్' నొక్కండి. ఆండ్రాయిడ్ ఫోనయితే లైనక్స్ ఏ డ్రైవరూ అడగకుండా దాన్నే నెట్‌గా తీసుకుంటుంది. ముందు ఆప్షన్లు సేవ్ చేయండి. పింగ్ సంగతి పొద్దున చూసుకోవచ్చు.