అమ్ముకునే బోరుకు మీటరేదీ?

సంపాదకులకు,

ప్రైవేటు ట్యాంకర్లను కట్టడి చేస్తే వేసవిలో అపార్ట్‌మెంట్లు గొంతు తడుపుకోలేవని గతవారం ఒక పాఠకుడు రాశారు. సరే, ఆ ట్యాంకర్లోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా రాయాల్సింది. హైదరాబాద్‌లోని మా కర్మన్‌ఘాట్‌లో కాలనీ నడుమ ఖాళీ ప్లాటు, అందులో బోరు, ప్రహరీ మీదుగా రోడ్డు మీదికి లావుపాటి పైపు. తెల్లారకముందే ట్యాంకర్లు వరస కడతాయి. ఏప్రిల్ వచ్చేసరికి చుట్టుపక్కల బోర్లు నీళ్లకు బదులు గాలి కక్కుతాయి. ఆ ఇళ్లవాళ్లే మళ్లీ అదే ట్యాంకరుకు ఫోన్ చేస్తారు. ఏం వ్యాపారమండీ!

నా జాగా, నా బోరు అనే వాదనకు మూలం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) దానికి హద్దు గీసింది. బోర్లు నమోదు చేయించాలి, కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి, రిగ్గులకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. చెన్నైలోనైతే భూగర్భజలాన్ని తోడి తరలించి అమ్మడానికి లైసెన్సు ఉండాలని 1987లోనే చట్టం చేశారు. (అమలు సంగతి అడక్కండి.)

జలమండలి ఇచ్చే నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటికి మాలాంటి ఇళ్లు మీటరు పెట్టుకోవాలి. లక్షల లీటర్లు తోడి అమ్మేవాడికి ఆ బాధ లేదు!

ట్యాంకర్లను నిషేధించమని ఎవరూ అడగడం లేదు. అమ్మకపు బోర్లకు మీటరు బిగించి, ప్రతి ట్యాంకరు మీదా అది నింపుకున్న బోరు నమోదు నంబరు రాయించమని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కర్మన్‌ఘాట్