కొట్టేసిన పద్దు

అనకాపల్లి బెల్లం మార్కెట్లో అప్పంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. లూకా సువార్త 7వ అధ్యాయంలో యేసు చెప్పిందీ అప్పుల కథే: ఒకడి బాకీ 500 దేనారాలు, ఇంకొకడిది 50; తీర్చలేని ఇద్దరి పద్దూ షావుకారు కొట్టేశాడు. ఎవడు ఎక్కువ ప్రేమిస్తాడు? నా లెక్కలో క్రైస్తవ సేవ పుట్టేది బాకీ రద్దయినవాడి ఆ ప్రేమలోనే. అది వడ్డీ కట్టడం కాదు, పుణ్యం కూడబెట్టుకోవడమూ కాదు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ తర్వాత రామచంద్రపురంలో కుష్ఠురోగులకు ఆశ్రయం ఇచ్చింది. పుళ్లు కడిగే పనికి ప్రతిఫలం ఎవరిని అడుగుతారు? మతం మారాలని షరతు పెడితే అదీ బేరమే. దుప్పట్లు పంచి, రోగి పక్కన ఫొటో దిగి, ఫ్లెక్సీ కట్టే మన సంఘాలకు తమ బాకీ రద్దయిన సంగతి ఇంకా తెలియలేదేమోనని నా అనుమానం.