విరగ్గొట్టకుండానే విల్లు రెండు ముక్కలు!

దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అంటూ అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటాం కదా. ఆ చెట్టు కథ మీకు తెలిసిందే. అజ్ఞాతవాసానికి వెళ్లేముందు పాండవులు వింటినారి విప్పి, ఆయుధాలన్నీ మూటకట్టి జమ్మి చెట్టు మీద దాచారు. మనిషి వేషం మార్చుకోవచ్చు. మనిషెత్తు విల్లుకు ఏ వేషం వేస్తారు?

ఏకచక్రపురం మా ఊరే అని చెప్పుకునే బోధన్‌లో ఇప్పుడు ఒక కుర్రాడు విలువిద్య మొదలుపెట్టాడనుకోండి. అతనిదీ అదే సమస్య. మామూలు లాంగ్‌బో పొడవు 66 నుంచి 72 అంగుళాలు. అంటే అయిదున్నర అడుగుల నుంచి ఆరడుగులు. దాన్ని పట్టుకుని బోధన్ నుంచి నిజామాబాద్ బస్సెక్కితే కండక్టర్ చూపు, పక్కవాళ్ల విసుగు రెండూ భరించాలి. బైక్ మీద వీపుకు కట్టుకుంటే ఎదురొచ్చే బండికి తగులుతుంది. నిఖత్ జరీన్‌ను చూసి బాక్సింగ్ మొదలుపెట్టిన పిల్లలకు ఈ తిప్పలు లేవు, గ్లౌజులు స్కూల్ బ్యాగులో పడతాయి. విల్లు పట్టదు. మోయలేని విల్లు నెల తిరక్కుండానే అటకెక్కుతుంది. ప్రాక్టీసు ఆగిపోయేది అక్కడే.

దీనికి విరుగుడే టేక్‌డౌన్ లాంగ్‌బో. పిడి దగ్గర విడదీసి, గ్రౌండ్‌కు వెళ్లాక మళ్లీ బిగించుకునే విల్లు.

ఇది సంప్రదాయమేనా?

'ముక్కలైతే అది సంప్రదాయ విల్లు ఎలా అవుతుంది?' అని అడిగేవాళ్లుంటారు. మన దేశంలోనే జవాబుంది. 18, 19 శతాబ్దాల్లో ఇక్కడ పూర్తిగా ఉక్కుతో విల్లులు చేసేవారు. వాటిలో కొన్నింటికి పిడి మధ్యలో మర ఉండేది. తిప్పితే రెండు ముక్కలు, మళ్లీ తిప్పితే ఒకటే విల్లు. కొమ్ము, నరాలు, జిగురుతో చేసిన విల్లు మన వానాకాలం తేమకు దెబ్బతినేది. ఉక్కుకు ఆ బాధ తక్కువ. కాబట్టి విడదీసే విల్లు నిన్న మొన్న పుట్టిన ఫ్యాషనేం కాదు.

పారిస్ ఒలింపిక్స్ 2024లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన మన బొమ్మదేవర ధీరజ్ వాడే రికర్వ్ విల్లు కూడా విప్పితే మూడు ముక్కలే. మధ్యలో పిడి, అటూ ఇటూ రెండు లింబ్స్.

అతుకు పిడి దగ్గరే ఎందుకు?

బాణం సంధించి లాగినప్పుడు వంగాల్సింది లింబ్స్. పిడి మందంగా, వంగకుండా ఉంటుంది. వంగే చోట అతుకు పెడితే ఆ విల్లు ఎక్కువ రోజులు నిలవదు. అలాగని పిడి మీద ఒత్తిడి తక్కువని అనుకోవద్దు. నిజానికి ఎక్కువ భారం పడేది అక్కడే. అందుకే ఆ అతుకు నాణ్యత మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

ఒకటి, స్లీవ్. సైకిల్ సీటు రాడ్డు ఫ్రేము గొట్టంలోకి దిగినట్టు, ఒక సగం ఇంకో సగంలోకి దిగుతుంది. చూస్తే భయం వేస్తుంది, లాగితే ఊడిపోదా అని. ఊడదు. నారి ఎక్కించాక అది రెండు కొసలనూ దగ్గరకు లాగుతుంది. ఆ బలానికి రెండు సగాలూ ఒకదానిలోకి ఒకటి ఇంకా నొక్కుకుంటాయి.

రెండు, బోల్టులు. పిడి వేరు, లింబ్స్ వేరు. బోల్టులతో బిగిస్తారు. బలం పెరిగాక పిడి అలాగే ఉంచి గట్టి లింబ్స్ మాత్రం కొనుక్కోవచ్చు. కాకపోతే పిడి లావుగా, బరువుగా ఉంటుంది. పాతకాలపు లాంగ్‌బో చేతిలో ఉన్నట్టు అనిపించదు.

మూడు, కీలు. మడత కుర్చీలా మధ్యకు మడుస్తారు. విడి భాగాలు పోయే బెడద లేదు. కానీ కీలు అరిగి వదులైతే విల్లు గురి తప్పుతుంది.

ఏది తీసుకోవాలి?

మూడు ముక్కలైతే బ్యాగు ఇంకా చిన్నదవుతుంది కదా అనిపిస్తుంది. ఒక్కసారి మీ బాణాలను కొలవండి. 28 నుంచి 32 అంగుళాలు ఉంటాయి. వాటిని విరవలేం కదా! 68 అంగుళాల విల్లును రెండు చేస్తే ఒక్కో ముక్క 34 అంగుళాల పైచిలుకు. బాణాలు పట్టే బ్యాగును ఇంకాస్త పొడుగ్గా కుట్టిస్తే విల్లూ పడుతుంది. మూడో ముక్క వల్ల మిగిలేది నాలుగైదు అంగుళాలే. లాంగ్‌బో ఇష్టపడేవాళ్లకు రెండు ముక్కల స్లీవ్ చాలు.

కొనేటప్పుడు ఇవి చూడండి. అతుకు బిగించి చెవి దగ్గర పెట్టి ఊపండి, టకటక శబ్దం వస్తే వద్దు. నారి ఎక్కించి ఒక కొస నుంచి చూడండి, నారి విల్లు నడిమధ్యగా వెళ్లాలి. పక్కకు జరిగితే ఒక సగం మెలితిరిగినట్టే.

'పక్కనే లేత్ షాపు ఉంది, నేనే స్లీవ్ చేయిస్తా' అనే హుషారు మంచిదే. మన చక్కెర ప్రాంతంలో పనితనానికి కొదవ లేదు. కానీ ఇంట్లో ఉన్న మంచి విల్లును కోసి మాత్రం ప్రయోగాలు చేయొద్దు. విల్లులు చేసే అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకపోతే ఆ పని పెట్టుకోకండి. కొత్త అతుకును మొదటిసారే చేత్తో లాగకండి. విల్లును ఒక చట్రానికి బిగించి, తాడుతో దూరం నుంచి కొద్దికొద్దిగా లాగి చూడాలి. పూర్తిగా లాగినప్పుడు అతుకు విరిగితే ఆ ముక్కలు వచ్చేది మీ ముఖం మీదికే.

వాడకం, జాగ్రత్త

పై సగం ఏదో, కింది సగం ఏదో గుర్తు పెట్టుకోండి. బిగించే ముందు స్లీవ్‌లో దుమ్ము తుడవండి, ఇసుక రేణువు చాలు గీతలు పడటానికి. పని అయ్యాక నారి దించి, విప్పి, బ్యాగులో పెట్టండి. మే నెల ఎండలో తలుపులు మూసిన కారులో అస్సలు వదలొద్దు. స్లీవ్‌ను పట్టి ఉంచేది జిగురే, వేడికి అది మెత్తబడుతుంది. బాణం లేకుండా ఉత్త నారి లాగి వదలడం ఏ విల్లుకైనా చేటు.

పోటీలకు వెళ్లాలనుకుంటే ముందే నిర్వాహకులను అడగండి. జాతీయ స్థాయిలో ఇండియన్ రౌండ్ అనే విభాగం వెదురు విల్లులది. ప్రతి విభాగానికీ దాని నిబంధనలు ఉంటాయి. ఇంకో మాట. చెరుకు తోటలో అడవి పంది కనిపించిందని విల్లు తీయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని వేట నేరం. మీ గురి గడ్డిమోపు మీద అతికించిన కాగితం మీదే ఉండాలి, ఆ గడ్డిమోపు వెనక మనుషులు తిరగని మట్టికట్ట ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే ఇక సాకులేం మిగలవు. ఆదివారం పొద్దున బస్సులో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. అందులో విల్లుందని పక్క సీటాయనకు కూడా తెలియదు.